గోరింక పాడిన దొంగపాట

"వెన్నెలా! ఓ వెన్నెలా! ముళ్ళపంది కూడా నక్క దగ్గరికే పోయిందట!"

ఉడుత చింకి రొప్పుతూ కొమ్మెక్కింది. ఆ మాటకు గోరింక వెన్నెల గుండె ఝల్లుమంది.

అది కొండమల్లెల అడవి. ఎలుగులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, చిలకలు అక్కడ ఉండేవి. ఎవరు ఏది అమ్మాలన్నా వెన్నెల చెట్టు కింద పెట్టేవారు. కొనేవాళ్ళు రానక్కర్లేదు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వేలంపాట పాడితే, కొమ్మకొమ్మనా ఉన్న చిలకలు ఆ కేకను చెట్టుదాకా అందించేవి. అలా అడవంతా ఒక్కసారి మోగుతుంటే వెన్నెలకు కలలో ఉన్నట్టుండేది.

ఇప్పుడు ఏటి అవతల నక్క పెద్ద వేలం పెట్టింది. వెన్నెలలా అది అమ్మినదాంట్లో వాటా అడగదు. జామపళ్ళు ఎరవేసి సగం చిలకల్ని లాక్కుపోయింది కూడా.

ఆ రోజు ఎలుగు తేనెపట్టు తెచ్చింది.

"మంచి ధర రాకపోతే నేనూ ఏరు దాటతా పిల్లా," అంది.

ఎలుగు పోతే ఇక ఆ చెట్టు కిందికి ఎవరూ రారు. అది వెన్నెలకు తెలుసు.

"మూడు దోసిళ్ళ ఇప్పపూలు!" పొదలోంచి కుందేలు పాడింది. దాని పిల్లకు దగ్గు. తేనె కావాలి.

ఇంకో గొంతు లేవలేదు. ఎలుగు విసుక్కుంటూ పట్టు ఎత్తుకోబోయింది.

వెన్నెల చటుక్కున గుబురాకుల్లో దూరింది. గోరింకకు రాని గొంతు ఏముంది? దూరాన నెమలి అరిచినట్టే, "నాలుగు!" అని అరిచింది.

"ఐదు!" అంది కుందేలు.

"ఆరు!" అంది నెమలి గొంతు.



"ఏడు... వానాకాలానికి దాచుకున్నదంతా ఇదే తల్లీ," అంది కుందేలు.

"అబ్బో! ఇంక నక్కతో నాకేం పని? నీ చెట్టే నా చెట్టు!" ఎలుగు పకపకా నవ్వింది.

వెన్నెల కోరుకున్నదీ అదే. కొమ్మ మీదికి వచ్చి, "ఒకటోసారి..." అంది. "రెండోసారి..." అంది. వానాకాలంలో తిండిలేని కుందేలు బొరియ కళ్ళముందు మెదిలింది. మూడోసారి అనకుండా ఆగిపోయింది.

"అనవేమే? నోరు కుట్టేశారా?" చింకి గదమాయించింది.

ఆ మాట అంటే ఎలుగు నిలుస్తుంది. అనకపోతే చెట్టే పోతుంది.

"ఈ పాట చెల్లదు," అంది వెన్నెల, అడవంతా వినేలా. "ఆ నెమలి గొంతు నాదే కుందేలక్కా! నక్కకు భయపడి నేనే దొంగపాట పాడాను. తేనె నీకు మూడు దోసిళ్ళకే. తక్కిన నాలుగు దోసిళ్ళూ ఎలుగు మామకు నా గూట్లోంచి ఇచ్చుకుంటాను."

నీతి: పోటీకి భయపడి మనల్ని నమ్మినవాళ్ళనే మోసం చేస్తే, పోటీలో నెగ్గినా మనం ఓడిపోయినట్టే.