కుట్టులో పోయే గుడ్డ

కాశీంపీరా బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆ ఉద్యోగం వదిలేసి హుస్సేనప్ప తాతకు శిష్యుడయ్యాడు. ఉద్యోగమైతే వదిలాడు గానీ, లెక్కల్లో తనకు తిరుగులేదన్న గర్వం మాత్రం వదల్లేదు.

తాత దూదేకుల సాధువు, మంచి పొడగరి. ఏటా చలికాలం ముందు జనం ఆయన కొట్టానికి వచ్చేవారు. తమ ఇంట్లో పోయినవాళ్ల బట్టలోంచి జానెడు గుడ్డ తెచ్చి ఇచ్చేవారు. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టిన బొంత తాత కప్పుకుంటే, పోయినవాళ్లకు చలి తగలదని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు బొంత పని కాశీంపీరా మీద పడింది. పొడవు తొమ్మిది జానలు, వెడల్పు ఆరు. ఆరు తొమ్ముదులు యాభై నాలుగు. అన్ని ముక్కలూ రాగానే ఇక చాలన్నాడు.

మర్నాడు ఇటుక బట్టీలో పనిచేసే గురవమ్మ వచ్చింది. చేతిలో పసుపు గౌను ముక్క.

"మా పాపది, సామీ."

"లెక్క సరిపోయిందమ్మా. ఒక్కటి ఎక్కువైనా వరుస చెడిపోతాది. వచ్చే ఏడు తీసకరా."

"వచ్చే ఏడు మేం యాడుంటామో, సామీ."

కాశీంపీరా అప్పటికే ముక్కలు పేర్చుకుంటున్నాడు. ఆమె గుడ్డను మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

చలి మొదలైన రోజు పొద్దున్నే తాత బొంత కప్పుకున్నాడు. మెడ దాకా లాక్కుంటే పాదాలు బయటికొచ్చాయి.

కాశీంపీరా తెల్లబోయి కొలిచాడు. ఏడున్నర జానలే ఉంది.

"నా లెక్క తప్పలేదు, తాతా!"

"కుట్టులో ముక్కకు ఈ పక్కొక వేలు, ఆ పక్కొక వేలు గుడ్డ పోతాది గదా నాయనా. తొమ్మిదింటికీ ఎంత?"

"పద్దెనిమిది వేళ్లు. జానకు పన్నెండు లెక్కన జానన్నర."

"అయితే ఇంకో వరుస పట్టేది. ఎవరినన్నా ఎనక్కి పంపినావా?"

కాశీంపీరా బట్టీ దగ్గరికి పరుగెత్తాడు. గుడిసెలు ఖాళీగా ఉన్నాయి. కూలీలు వెళ్లి రెండు రోజులైందట. ఏ ఊరికో మేస్త్రీకి కూడా తెలియదు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఆ పాప పేరైనా అడగలేదే అని దారంతా కుమిలిపోయాడు. తాత పాదాలు చల్లగా మంచులా ఉన్నాయి. తన కండువా తీసి వాటి మీద కప్పబోయాడు.

తాత పాదాలు పక్కకు జరుపుకున్నాడు.

"వద్దు నాయనా. పాప బయటే ఉండాది గదా. తోడుండనీ."

ఆ చలికాలమంతా కాశీంపీరా మళ్లీ కండువా వేసుకోలేదు.