ఏడో తొట్టి నట్టు

ఓబులేసుకి దూరపు చూపు బ్రహ్మాండం. తిరునాళ్ళ రాట్నం కొసన కాకి వాలితే దాని ముక్కున ఏముందో కింద నిలబడి చెప్పేవాడు. చేతిలో ఉన్న పానా మీద అంకె మాత్రం ఏడాదిగా ఆనడం లేదు. నలభై దాటాక అందరికీ వచ్చేదే, దానికి అద్దాలూ ఉన్నాయి. కానీ ఆ మాట పైకి చెప్పాలంటే అతనికి ప్రాణం మీదికొచ్చేది. చూపు ఆననివాణ్ణి రాట్నం మీద చెయ్యి ఎవరు వెయ్యనిస్తారు? ఇరవయ్యేళ్ళుగా అతనికి చేతనైన పని అదొక్కటే.

ఆ రాట్నం ఖాజా ఉస్తాదుది. ఉరుసులకీ తిరునాళ్ళకీ ఊరూరా తీసుకెళ్ళి నిలబెడతాడు. డెబ్బయ్యేళ్ళ ఫకీరు మనిషి, ఒక చేతికి తసబీ జపమాల, ఇంకో చేతికి గ్రీజు. శిష్యుల్ని తిట్టి ఎరగడు. తిట్టకపోవడమే వాళ్ళకి ఎక్కువ భయం.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఏ తొట్టికి ఎవడు నట్టు బిగిస్తే వాడే అందులో కూర్చుని మొదటి చుట్టు తిరగాలి. జనం ఎక్కేది ఆ తరవాతే.

ఆ రోజు ఉరుసు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఓబులేసు ఏడో తొట్టిని వేలాడదీసే కమ్మీకి కొత్త నట్టు బిగిస్తున్నాడు. అతని పానాకి ఒక మూతి పద్దెనిమిది, రెండో మూతి పందొమ్మిది. అంకెలు అరిగి, సందుల్లో జిడ్డు పేరుకుని, పడుచు కళ్ళకి కూడా ఓ పట్టాన ఆనకుండా మాసిపోయాయి. కొత్త నట్టేమో పద్దెనిమిది. అతను వేలితో తడిమి, ఇదేలే అనుకుని, పందొమ్మిది మూతి తగిలించాడు.

కాస్త వదులుగా అనిపించింది. పాత పానా కదా అనుకుని బలమంతా పెట్టి లాగాడు. కటక్కుమంది. బిగిసిందనుకుని ఇంకోసారి లాగితే మళ్ళీ కటక్కుమని జారింది. తడిమి చూస్తే నట్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా తిరిగిపోయాయి.

ఇక దానికి ఏ మూతీ పట్టదు. ఇంకో నట్టు కావాలంటే ఉస్తాదు పెట్టెలోంచి తియ్యాలి, తీస్తే దీనికేమైందని అడుగుతాడు. సగమైనా బిగిసే ఉంటుందిలే అని ఓబులేసు తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అయినా మొదట ఎక్కేది తనేగా, పోతే తనే పోతాడు. అలా అనుకునేసరికి ఏదో త్యాగం చేస్తున్నట్టు కొంచెం ధైర్యం కూడా వచ్చింది, చూడండి మనిషి బుద్ధి!

ఇంతలో ఉస్తాదు వచ్చాడు. అన్ని తొట్లూ చూసుకుంటూ ఏడోదాని దగ్గర ఆగాడు. నట్టు మీద వేలు పెట్టి, అలాగే కొంచెంసేపు ఉంచాడు. చెప్పులు విడిచి తొట్టిలో ఎక్కి కూర్చున్నాడు.

"ఈరోజు నేను ఎక్కుతా. నువ్వు తిప్పు" అన్నాడు.

బిగించింది తను కాబట్టి తనే ఎక్కాలని ఓబులేసు గొణిగాడు. ముసలాణ్ణి, ఇంకెన్ని ఉరుసులు చూస్తాను, తిప్పమన్నాడు ఉస్తాదు. కళ్ళు మూసుకున్నాడు. తసబీ పూసలు ఒక్కొక్కటే జరుగుతున్నాయి.

ఓబులేసు ఇంజను దగ్గరికి వెళ్ళి రాట్నాన్ని తిప్పే కడ్డీ పట్టుకున్నాడు. తన ప్రాణం సంగతి ఇందాక తేలిగ్గానే తేల్చేశాడు, ఇప్పుడు ఉస్తాదు వెళ్ళాల్సిన ఎత్తు వంక తలెత్తి చూశాడు. కడ్డీ వేలెడంత నెట్టాడు. తొట్టి ఒక్క ఊపు ఊగింది. పైన కమ్మీ దగ్గర కిర్రుమంది.

అంతే, ఇంజను ఆపేసి పరిగెత్తాడు. రెండు చేతులతో తొట్టిని పట్టుకున్నాడు.

"దిగండి ఉస్తాద్. నట్టు పట్టలేదు. నాకు అంకె కనపడదు. ఏడాదయింది."

ఉస్తాదు దిగాడు. చూపు గురించి ఒక్క మాట అడగలేదు. పానా తీసుకుని కిరసనాయిలు గుడ్డతో జిడ్డంతా తుడిచాడు. జేబులోంచి సుద్దముక్క తీసి మూతి పక్కన గట్టిగా రుద్దాడు. అరచేత్తో ఒక్కసారి తుడిచేసరికి పైనున్న సుద్ద పోయి, గాట్లలోది మిగిలింది. నల్లటి ఇనుము మీద తెల్లగా పద్దెనిమిది తేలింది. తిప్పి ఇటువైపూ రుద్దితే పందొమ్మిది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూపించాడు. ఓబులేసు రెండూ చదివాడు.

సుద్ద నాలుగు రోజులకి మించి నిలవదని, రేపు అన్ని పానాలకీ అంకెల్లో తెల్లరంగు నింపమని చెప్పి, పెట్టెలోంచి కొత్త నట్టు ఇచ్చాడు. పాతదాన్ని కోసి తీసి, ఓబులేసు కొత్తది బిగించాడు. ఈసారి పానా కదలకుండా పట్టింది.

అయినా అతనికి లోపల కుదురుగా లేదు. తన మీద ఉస్తాదుకి మరీ చెడ్డ అభిప్రాయం పడుతుందేమోనని భయం.

"మిమ్మల్ని ఎక్కించాలనుకోలేదు ఉస్తాద్. నేనే ఎక్కుదామనుకున్నా."

"నువ్వు ఒక్కడివి, నీ బరువుకి అది ఆగేది. ఎక్కేవాడివి, క్షేమంగా దిగేవాడివి" అన్నాడు ఉస్తాదు చెప్పులు తొడుక్కుంటూ. "సాయంత్రం అందులో నలుగురు కూర్చుంటారు."

ఏడాదిగా ఆ పానాతో తను బిగించిన నట్లన్నీ ఓబులేసు కళ్ళ ముందుకొచ్చాయి. గేటు బయట అప్పుడే జనం చేరుతున్నారు. చంకలో బిడ్డతో ఒకావిడ, ఎప్పుడు తిప్పుతారయ్యా అని అడుగుతోంది.

ఇంకా ఆలస్యమవుతుందమ్మా అని చెప్పి, అతను ఒకటో తొట్టి దగ్గరికి వెళ్ళి నట్టు విప్పడం మొదలుపెట్టాడు.