మసి అంటని రెండు వేళ్లు

బండిలో తప్పేమీ లేదు. నీలకంఠం కష్టమంతా అదే.

తప్పుంటే పట్టుకునేవాడే. ఇంజను విప్పి గోనెసంచి మీద పరిచి, కళ్లు మూసుకుని మళ్లీ బిగించగల మనిషి. రోడ్డు మీద పోతున్న బండి చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు, చాలాసార్లు నిజమవుతుంది కూడా. అలాంటివాడి బండి కొండ సగం ఎక్కేసరికి కుతకుతలాడి, ఎర్రదీపం వెలిగించి, దారి మధ్యలో కూలబడుతోంది. రెండు బుధవారాలు వరసగా అదే వరస.

అది రాళ్లదారుల కోసం చేసిన మోటారుసైకిలు, కొండబండి. ఎత్తుగా ఉంటుంది, టైర్లు బురదను కరిచి పట్టుకుంటాయి. ఆసుపత్రివాళ్లు దాన్ని అతనికి అప్పగించి వెనక టీకాల పెట్టె కట్టారు. బుధవారం పొద్దున్నే ఆ పెట్టెతో బయలుదేరి మధ్యాహ్నంలోగా తేనెగొంది చేరాలి. మిగిలిన మందు సాయంత్రానికి మళ్లీ ఆసుపత్రికి తేవాలి. టీకాలు వేసే నర్సు సుశీలమ్మ ముందురోజే నడిచి పైకెళ్లి అక్కడ కాచుకుని ఉంటుంది.

మొదటి బుధవారం అతను చేరేసరికి పొద్దు వాలిపోయింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఇళ్లకు పోయారు. రెండో బుధవారం సగం దారి నుంచే వెనక్కి తిరిగాడు. కొండ దిగాక సుశీలమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కూలి మానుకుని రెండు వారాలు కూర్చున్నారు నీలకంఠం. ఈసారి కూడా నువ్వు రాకపోతే, నేను కాళ్లు పట్టుకున్నా ఎవరూ రారు" అంది.

తేనెగొంది అతను పుట్టిన ఊరే. అతనికి ఎనిమిదేళ్లప్పుడు చెల్లెలికి తట్టు వచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది. అప్పటికి టీకా ఉంది, కొండ ఎక్కలేదంతే. ఈ ఉద్యోగంలో చేరింది ఆ పిల్ల కోసమే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, పెట్టె కట్టిన ప్రతిసారీ తాడు రెండుసార్లు లాగి చూసుకుంటాడు.

మూడో బుధవారం రేపే.

మంగళవారం పొద్దున అతను కొండ కిందున్న పైడయ్య మేస్త్రి షెడ్డు ముందు బండి ఆపేసరికి, రేడియేటర్ బుసకొడుతోంది.

"గురువుగారూ, మళ్లీ కాగిపోనాది."

పైడయ్య తల ఎత్తలేదు. పాత స్కూటర్ కార్బురేటర్‌లోంచి సన్నటి తీగతో మట్టి తీస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఆరేళ్లు నీలకంఠానికి పని నేర్పింది ఆయనే. నేర్పాడంటే నోటితో చెప్పింది తక్కువ. శిష్యుడు తప్పు సైజు పానా తీస్తే, ఏమీ అనకుండా దాన్ని చేతిలోంచి తీసుకుని గోడకు తగిలించేవాడు. సరైనది చేతికొచ్చేదాకా అదే తంతు.

"కూకో" అన్నాడు.

నీలకంఠం కూర్చోలేదు. కూర్చునే స్థితిలో లేడు.

"కూలెంట్ మార్చినాను. ఆయిలు మార్చినాను. నీల్ల పంపు కొత్తది. ఫ్యాను తిరుగుతంది, నా కల్లతో చూసినాను. రేడియేటర్‌లో బురద మెత్తటి బ్రష్షుతో తీసినాను, ఒక్క రెక్క వంగనివ్వలేదు. అన్నీ మార్చేసినాను గురువుగారూ. ఇంకేటి మిగిలింది, నాను తప్ప?"

పైడయ్య ఇప్పుడు తలెత్తి అతన్ని ఒకసారి చూశాడు. మళ్లీ కార్బురేటర్ మీదికి వంగాడు.

నీలకంఠానికి ఒళ్లు మండింది. గబగబా తొట్టి దగ్గరికి వెళ్లి చెంబుడు నీళ్లు ముంచుకొచ్చాడు. ఇంజను మీద పోయబోయాడు. నిప్పులా ఉన్న ఇంజను మీద చన్నీళ్లు పడితే పగులుతుందని తెలియనివాడు కాదు. తొందరలో తెలిసినవన్నీ తెలియనట్టే ఉంటాయి.

పైడయ్య లేచి వచ్చి చెంబు అందుకున్నాడు. ఆ నీళ్లు తానే గటగటా తాగి, ఖాళీ చెంబు అతని చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. కాగిన బండిని ముట్టుకోరు. వేడి ఇంజను చల్లారుతున్నప్పుడు లోపల టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా పైడయ్య పానా పట్టడు, పట్టనివ్వడు. కలెక్టరు బండైనా అంతే.

నీలకంఠం షెడ్డు ఈ కొసకీ ఆ కొసకీ తిరిగాడు. గడియారం చూశాడు. బండి చూశాడు. బయటికి పోయి కొండ చూశాడు. కొండ ఎక్కడికీ పోలేదు. మళ్లీ లోపలికొచ్చి గడియారం చూశాడు. రెండు నిమిషాలే గడిచాయి.

"చూడరేటి గురువుగారూ?"

"వింటన్నాను."

"బండి ఆపేసినాను కదా, ఏటి వింటన్నారు?"

"నీ చెప్పులు."

అప్పుడు ఆగాడు. ఆగి, ఒక టైరు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ మోకాలు ఆడుతూనే ఉంది.

కొంతసేపటికి ఇంజను చప్పుడు ఆగింది. పైడయ్య తీగ పక్కన పెట్టాడు.

"హాఫ్ క్లచ్‌లో తోలతన్నావేటి?"

అంతే, నీలకంఠం లేచి నిలబడ్డాడు. కొట్టినా అంత కోపం వచ్చేది కాదు.

క్లచ్ నొక్కితే ఇంజను ఒకదారి, చక్రం ఒకదారి. వదిలితే రెండూ ఒకటి. నొక్కీ నొక్కకుండా మధ్యలో పట్టుకుంటే లోపల ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రం నడవదు, వేడి మాత్రం పెరుగుతుంది. బండి నేర్చుకునేవాళ్లు మొదటి వారంలో చేసే పని అది. ఈ పాఠం నీలకంఠం ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

"నానా గురువుగారూ! మీ దగ్గర ఆరేళ్లు పని చేసినోన్ని, హాఫ్ క్లచ్‌లో తోలతానా? ఆ మాట ఇంకెవరైనా అనుంటే..." అని ఆగిపోయాడు. ఎదురుగా ఉన్నది గురువు.

"సరే" అన్నాడు పైడయ్య. "మొగం కడుక్కో. సెమట కారిపోతంది."

నీలకంఠం వెళ్లి కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. చేతులు సబ్బుతో మోచేతులదాకా రుద్దుకున్నాడు. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అదొక అలవాటు. "మెకానిక్ చేతులు పోయి డాక్టరు చేతులు వచ్చినాయి" అని పైడయ్య ఆట పట్టిస్తుంటాడు. తిరిగి చూస్తే ముసలాయన ఒక గుడ్డముక్కతో బండి హ్యాండిల్ తుడుస్తున్నాడు. ఇప్పుడీ తుడుపొకటే తక్కువైంది అనుకున్నాడు.

"ఎదురుగా నీల్ల ట్యాంకు గట్టుంది కదా. బండితో ఎక్కి రా" అన్నాడు పైడయ్య.

నీలకంఠం ఎక్కాడు. గట్టు దారి నిటారుగా, గులకరాళ్లతో ఉంటుంది. ఇంజను అరిచింది, వెనకచక్రం రాళ్లు చిమ్మింది. ట్యాంకు చేరకముందే ఎర్రదీపం వెలిగింది. అక్కడే ఇంజను ఆపి, చల్లారాక దొర్లించుకుంటూ కిందికొచ్చాడు. బండికి స్టాండు వేసి, పైడయ్య ముందు నిలబడ్డాడు.

"చూసినారా? రేపు నాను వెల్లలేను. వెల్లనని ఇప్పుడే కబురు పెట్టేస్తాను."

"చెయ్యి కడుక్కుని రా. అంబలి తాగుదాం."

"అంబలేటి గురువుగారూ! రేపు బుధవారం!"

"చెయ్యి కడుక్కో."

తిట్టుకుంటూనే కుళాయి దగ్గరికి వెళ్లాడు. కుళాయి విప్పి చేతులు చాపాడు. అలాగే ఉండిపోయాడు.

కుడిచెయ్యి ఇందాక కడుక్కున్నట్టే ఉంది. ఎడమచెయ్యి అరచెయ్యంతా మసి. బొటనవేలు నలుపు. ఉంగరపు వేలు నలుపు. చిటికెన వేలు నలుపు. చూపుడు వేలు, నడిమి వేలు మాత్రం తెల్లగా, సబ్బు వాసనతో, పెళ్లికి తయారైనట్టున్నాయి.

షెడ్డులోకి చూశాడు. పొయ్యి పక్కన చోడి అంబలి కుండ ఉంది. దాని అడుగున మసి ఒకచోట కొత్తగా గీకినట్టుంది.

నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. అతను బండి దగ్గరికి వెళ్లి ఎక్కి కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేయలేదు. ఊరికే ఎడమచెయ్యి హ్యాండిల్ మీద వేశాడు. వేశాడో లేదో, ఆ రెండు వేళ్లూ వాటంతట అవే లేచి క్లచ్ లివర్ మీద కూర్చున్నాయి. తీసి హ్యాండిల్ చుట్టూ వేశాడు. చూపు పక్కకు తిప్పాడు. మళ్లీ చూసేసరికి లివర్ మీదే ఉన్నాయి.

మసి పూసింది లివర్‌కి కాదు, హ్యాండిల్‌కి. గట్టు ఎక్కి దిగి వచ్చినంతసేపూ ఆ రెండు వేళ్లు ఒక్కసారి కూడా హ్యాండిల్‌ని ముట్టుకోలేదు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పైడయ్య వచ్చి కుళాయి కట్టేసి, బండి పక్కన నిలబడ్డాడు.

"ఎప్పటి నుండి?"

నీలకంఠం ఆ రెండు వేళ్లనూ లివర్ మీంచి తీశాడు.

"మూడు వారాల కింద, వానలో... ఏనుగుబండ మలుపు కాడ" అన్నాడు చివరికి. "ఎక్కుతుంటే ఇంజను ఆగిపోనాది. బండి వెనక్కి జారిపోనాది. నాను పడిపోనాను. పెట్టె లోయ అంచుకెల్లి ఆగినాది. ఇంకో జానెడు జారుంటే..."

ఆ రోజు పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దారి మధ్యలో కూర్చుని ఏడ్చిన సంగతి సుశీలమ్మకి కూడా తెలియదు.

"జారినప్పుడు నీ ఎడంసెయ్యి ఎక్కడుంది?"

"క్లచ్ మీద. గట్టిగా పట్టుకున్నాను, అందుకే..."

క్లచ్ నొక్కితే ఇంజను ఒకదారి, చక్రం ఒకదారి. ఎంతమందికి చెప్పాడు ఆ పాఠం! గేరులో ఉండి ఆగిన ఇంజను చక్రాన్ని పట్టుకునే ఉండేది. తన చెయ్యే దాన్ని వదిలించింది.

పైడయ్య లోపలికి వెళ్లాడు. రెండు సత్తు గిన్నెల్లో అంబలి పోసి, ఒకటి అతనికిచ్చాడు.

బుధవారం పొద్దున నీలకంఠం పెట్టె కట్టుకుని షెడ్డు ముందాగాడు. రాత్రి కంటిమీద కునుకు లేదు. పైడయ్య మసిగుడ్డ పట్టుకొచ్చి, ఈసారి అతను చూస్తుండగానే ఎడమ హ్యాండిల్‌కి దట్టంగా రుద్దాడు. పెట్టె తాడు తానూ ఒకసారి లాగి చూసి లోపలికి పోయాడు.

కింది దారి బాగానే గడిచింది. ఇబ్బందంతా వేళ్లతోనే. ప్రతి మలుపులోనూ లేచేవి. ప్రతిసారీ వాటిని తెచ్చి హ్యాండిల్ మీద పెట్టేవాడు. అల్లరి పిల్లల్ని బడిలో కూర్చోబెట్టినట్టుంది అతని పని.

ఏనుగుబండ మలుపు వచ్చింది. ఎడమపక్క బండ, కుడిపక్క లోయ, మధ్యలో తడిరాళ్లు. ఇంజను గొంతు బరువెక్కింది. ఆగిపోతుందేమో అనిపించింది. రెండు వేళ్లూ లేచాయి.

ఆగితే ఆగనీ అనుకున్నాడు. నాలుగు వేళ్లూ కలిపి హ్యాండిల్‌ని బిగించాడు.

బండి ఒకసారి వణికింది. రెండోసారి వణికింది. ఆగినట్టే ఆగి, కిందున్న రాయిని తొక్కి, మెల్లగా, ఏ తొందరా లేనట్టు మలుపు తిరిగింది. పైన చదునులో అతను దీపం వైపు చూశాడు. వెలగలేదు. అప్పుడు తెలిసింది, అంతసేపూ తాను ఊపిరి తీసుకోలేదని.

తేనెగొందిలో ఇంకా మంచు విడలేదు. సుశీలమ్మ చాప పరిచి కూర్చుంది. తల్లులు కొందరే వచ్చారు. బండి చప్పుడు విని, గడప దాటనివాళ్లు కూడా ఒక్కొక్కరే దాటారు. పొద్దు నడినెత్తికి రాకముందే పదిహేడుమంది పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. నీలకంఠానికి ఆ ఏడుపు ఎంత వింటున్నా తనివి తీరలేదు.

ఒక తల్లి, టీకా వేయించుకున్న బిడ్డను ఊరుకోబెడుతూ అతని ఎడమచెయ్యి చూసింది.

"ఏటి బాబూ, సేతినిండా మసి?"

"బండిది అక్కా."

ఆమె చూపుడు వేలితో అతని నడిమి వేలి మీద మసి తీసి, బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. బిడ్డ ఏడుపు మాని అతన్నే చూసింది. రెండేళ్లుంటాయేమో. చెల్లెలు పోయినప్పుడు దానికీ అంతే వయసు. నీలకంఠం బండి వైపు తిరిగి, అప్పటికే బిగువుగా ఉన్న తాడును చాలాసేపు సరిచేశాడు.

సాయంత్రం మిగిలిన మందు ఆసుపత్రిలో అప్పగించి, షెడ్డుకి వచ్చాడు. పైడయ్య ఎవరిదో బండి చైను బిగిస్తున్నాడు. నీలకంఠం వెళ్లి ఆయన ముందు నిలబడి, ఎడమచెయ్యి చాపాడు.

పైడయ్య పని ఆపి చూశాడు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఒక్కొక్కటే, తొందర లేకుండా చూశాడు. నడిమి వేలి మీద ఒకచోట మసి చెరిగి ఉంది. అది కూడా చూశాడు.

"ఇంక కడుక్కో" అన్నాడు.