వజ్రం వేళ్ళకి దొరికిన ఆవు

అనగనగనగా, మరీ రాజుల కాలంలో కాదులే, మొన్నమొన్నటి కాలంలోనే, గోదావరి కాలవ ఒడ్డున ఒక ఊళ్ళో తాయారు అని ఒకావిడ ఉండేది. ఆవిడ పనేమిటనుకున్నావు బంగారం? పిల్లల పుస్తకాలకి బొమ్మలు వెయ్యడం.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని, కాలవలో బాతుల్ని చూసి బాతుల్ని వేసేది. రేవులో దుప్పట్లు పిండే వాళ్ళని చూసి రాక్షసులకి చేతులు వేసేది. సంతలో ఎవరి మీసమైనా నచ్చిందా, ఇంటికొచ్చి ఆ మీసం తీసుకెళ్ళి ఒక రాజుగారికి పెట్టేసేది.

కొత్త పుస్తకం అచ్చయి వచ్చిందంటే వీధిలో పిల్లలంతా ఆవిడ అరుగు మీదే. "నా బొమ్మలు నచ్చని పిల్లలు ఇంకా పుట్టలేదు" అనుకునేది తాయారు. అనుకోవడమేం, పైకే అనేది.

పక్కింట్లో వీరమణి అని ఒకావిడ జాకెట్లు కుట్టేది. ఆవిడ కూతురు వజ్రం. ఏడేళ్ళది. పుట్టినప్పట్నుంచీ దానికి చూపు లేదు. అయినా ఊరంతా దానికి తెలుసు. చెప్పుల చప్పుడు విని మనిషెవరో చెప్పేది. ఏ ఇంటికి ఎన్ని మెట్లో చెప్పేది. నోరు మాత్రం ఊరుకునేది కాదనుకో.

ఒకరోజు కొత్త పుస్తకం వచ్చింది. "ఒరేయ్, ఆవు చూడరా! దాని కళ్ళు చూడు!" అని పిల్లలు ఒకటే గోల. అప్పుడు వజ్రం కూడా ముందుకి జరిగి, పేజీ మీద అరచెయ్యి పెట్టింది. పైనుంచి కిందకి నిమిరింది. కిందనుంచి పైకి నిమిరింది.

"ఏదత్తా ఆవు?"

"నీ చేతి కిందే ఉందమ్మా."

"నా చేతి కింద కాయితం ఉంది. ఆవు లేదు."

తాయారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు వజ్రం అంది, "సెలవులయ్యాక నన్ను రాజమండ్రిలో చూపు లేని పిల్లల బడిలో వేస్తారు. అక్కడే ఉండాలంట. నాకు నీ పుస్తకం ఒకటి కావాలత్తా. కానీ నా చేతికి తగలాలి."

"చేసిస్తాను," అంది తాయారు. ఎలా చెయ్యాలో ఆవిడకి తెలీదు. అయినా మాట ఇచ్చేసింది.

మర్నాడే మొదలుపెట్టింది. అట్ట మీద ఆవుని గీసి, గీత వెంబడి లావు దారం అతికించింది. కొమ్ములు, మూపురం, తోక, నాలుగు కాళ్ళు. చూడ్డానికి ఎంత బాగుందో! వజ్రం దారం మీద వేలు పెట్టింది. వేలు చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చింది.

"వానపాము," అంది.

"ఆవే!"

"ఆవు ఇంత సన్నగా ఉంటుందా అత్తా?"

తాయారుకి రోషం వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఆవుని చేసింది. వంటికి దూది, కళ్ళకి పూసలు, గిట్టలకి గవ్వలు, తోకకి కొబ్బరి పీచు, కింద గడ్డికి ఊక. వజ్రం రెండు చేతులూ పెట్టి, కాసేపు వెతికి, చేతులు దులుపుకుంది.

"కిరాణా కొట్లో చెయ్యి పెట్టినట్టుంది."

అక్కడే గుండీలు కుడుతున్న వీరమణి నొచ్చుకుంది. "దాని మాటలు పట్టించుకోకు వదినా. ఒక మంచి గౌను కుట్టి పంపిస్తాలే. లేని చూపు మనం ఎక్కణ్ణించి తెస్తాం?"

"అది చూపు తెమ్మని అడగలేదు వదినా. ఆవుని తెమ్మంది. అది నా పని," అంది తాయారు.

అప్పుడు తాయారు వెళ్ళి వజ్రం పక్కన గొంతుక్కూర్చుంది. "నువ్వే చెప్పవే. ఆవంటే ఏంటి?"

వజ్రం ఆవిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. అక్కడ వాళ్ళ ఆవు సింగారి నెమరు వేస్తూ నిలబడి ఉంది.

"కళ్ళు మూసుకో అత్తా. తెరిస్తే నాకు తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది?"

"నీ చెయ్యి తొందరపడుతుంది."

తాయారు కళ్ళు మూసుకుంది. ముందు ముఖానికి వెచ్చటి ఊపిరి తగిలింది. తర్వాత వజ్రం ఆవిడ చేతిని ఆవు మెడ కిందకి తీసుకెళ్ళి వదిలేసింది. అక్కడ గంగడోలు ఉంటుంది చూడూ, మెడ కింద చీర కుచ్చిళ్ళలా వేలాడుతూ, అది. ఎంత మెత్తనో! మడత మీద మడత. మడత లోపల వెచ్చదనం. చెయ్యి పెడితే తియ్యబుద్ధి కాదు.

ఇరవై ఏళ్ళుగా ఆవుల్ని వేసింది తాయారు. గంగడోలుని ఒక్క గీతలో కానిచ్చేసేది. కళ్ళు తెరవకుండా అలాగే నిలబడిపోయింది. "ఇన్నాళ్ళూ నేను వేసినవి సగం ఆవులే," అనుకుంది.

"ఆవంటే ఇదే," అంది వజ్రం. "మిగతాదంతా తర్వాత."

ఆ సాయంత్రం వీరమణిని అడిగి ఒక ముఖమల్ ముక్క తీసుకుంది తాయారు. దాన్ని మడతలు పెట్టి, పైఅంచు మాత్రమే అట్టకి కుట్టి, కింద వేలాడేలా వదిలేసింది. ఆ అట్ట మీద ఇంకేమీ పెట్టలేదు. కన్ను లేదు, కొమ్ము లేదు, గడ్డిపరక కూడా లేదు.

వజ్రం చెయ్యి వేసింది. వేళ్ళు మడతల్లోకి వెళ్ళాయి. ఒక్కో మడతా తడుముతూ అక్కడే ఉండిపోయాయి.

"సింగారీ," అంది చివరికి.

ఆ తర్వాత పని గబగబా సాగింది. తల్లి కోసం వెతుక్కునే ఒక దూడ కథ అల్లారు ఇద్దరూ. పేజీకి ఒక్కటే బొమ్మ. తాయారు చెయ్యడం, వజ్రం తాకి చూసి బాగుందనో బాగాలేదనో చెప్పడం. పుస్తకం పూర్తయ్యాక వజ్రం ఇంకో మాట అంది. "ఆ బడిలో ఇంకా ఇరవై నలుగురున్నారంట అత్తా. మరి వాళ్ళకో?"

సరే, అని ఇద్దరూ బస్సెక్కి రాజమండ్రి వెళ్ళారు. అక్కడ తాయారు బొమ్మల పుస్తకాలన్నీ అచ్చువేసే కామరాజు గారని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగానే ఉందమ్మా. కానీ చూడలేని పిల్లలకి బొమ్మలెందుకు? కథ చదివి వినిపిస్తే చాలదూ?"

తాయారు నోరు తెరిచేలోపే వజ్రం అంది, "తాతగారూ, ఒకసారి కళ్ళు మూసుకోండి."

ఆయన నవ్వి, కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకున్నాడు. మొదటి పేజీ తిప్పాడు. పొట్టి నూగు గుడ్డ తగిలింది. "ఓహో, దూడ," అన్నాడు. తర్వాతి పేజీలో గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అబ్బా! ఏంటమ్మా ఇది, ముళ్ళకంచా?"

"దూడ కూడా అలాగే అరిచింది తాతగారూ," అంది వజ్రం.

ఇంక ఆయన నవ్వలేదు. తల్లిని వెతుక్కునే దూడ కథ వజ్రం చెబుతుంటే ఇసక పేజీ దాటాడు. తడి రేవులా చల్లగా ఉండే నున్నటి రేకు పేజీ దాటాడు. గుమాస్తా వచ్చి పిలిచినా కళ్ళు తెరవలేదు. ఆఖరి పేజీలో ఆయన వేళ్ళు ముఖమల్ మడతల్లోకి వెళ్ళి ఆగిపోయాయి.

"దొరికింది," అన్నాడు మెల్లగా. "తల్లి దొరికిందమ్మా."

కళ్ళు తెరిచాక కళ్ళజోడు తుడుచుకుంటూ, "మా మిషన్లు ఇది చెయ్యలేవు తాయారమ్మా," అన్నాడు.

"మిషన్లు చెయ్యక్కర్లేదండీ. మేం కుడతాం. అట్టలు కోయించండి, వేళ్ళతో చదివే చుక్కల అక్షరాల సంగతి ఆ బడి పంతులమ్మ గారితో మాట్లాడండి. మిగతాది మాకు వదిలెయ్యండి," అంది తాయారు.

అలా వేసవంతా అరుగు మీద కుట్టుపనే. వీరమణి కత్తిరించింది, తాయారు కుట్టింది, వజ్రం ఒక్కొక్కటీ తాకి చూసింది. బడి తెరిచే రోజుకి పాతిక పుస్తకాలు తయారయ్యాయి. వజ్రం వాటిని గోనెసంచిలో వేయించుకుని బడికి వెళ్ళింది. వెనక్కి తిరగనైనా తిరగలేదు. వీరమణే బస్సు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది.

దసరా సెలవులకి వజ్రం ఇంటికొచ్చింది. అదే గోనెసంచి, అవే పాతిక పుస్తకాలు. వీరమణి ఒకటి తెరిచి చూసి, "అయ్యో అయ్యో! నాలుగు నెలలైనా కాలేదు, ముఖమల్ అంతా ఎలా అరగ్గొట్టారో చూడు వదినా!" అంది.

తాయారు ఒక్కో పుస్తకం తెరిచి చూసింది. అన్నీ అంతే. దూడ పేజీ కొత్తగానే ఉంది. ఇసక పేజీ కొత్తగానే ఉంది. ఆఖరి పేజీలో మాత్రం నూగంతా రాలిపోయి, గుడ్డ బోడిగా మిగిలింది.

"అమ్మ పేజీ దగ్గర అందరూ ఆగిపోతారత్తా," అంది వజ్రం. "నేను కూడా."

వీరమణి లోపలికి వెళ్ళి, పెట్టెలో దాచుకున్న తన పెళ్ళినాటి ముఖమల్ జాకెట్టు తెచ్చింది. ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. అప్పుడు కత్తెర తీసి కోసింది.

తాయారు సూదిలో దారం ఎక్కించింది. వజ్రం ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, కుట్టిన ప్రతి గంగడోలూ నిమిరి చూసి, "ఇది బాగుంది. ఇంకోటి కానివ్వండి," అంది.

కథేమో కంచి బాట పట్టింది,
కన్నేమో కునుకు మూట కట్టింది.
దుప్పటి అంచు ఇలా లాక్కో,
అమ్మమ్మ పక్కన వెచ్చగా నక్కో.