బాడవలో కట్టిన సావిడి

గోదావరి పాయ ఒడ్డున ముంగలపాలెంలో వెంకాయమ్మ అనే పెద్ద రైతు ఉండేది. మనసు మంచిదే కానీ, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆమెకు లేదు.

ఆమె పొలం చివర అరెకరం బాడవ ఉండేది. అంటే తుంగ మొలిచే పల్లపు చిత్తడి నేల. వానాకాలంలో చుట్టుపక్కల చేల నీళ్ళన్నీ అక్కడికి దిగి, మెల్లగా కాలువలోకి పోయేవి. అందుకే బాడవలను పూడ్చకూడదనీ, వాటిలో ఏదీ కట్టకూడదనీ ఊరి రైతులు కట్టుబాటు పెట్టుకున్నారు.

ఒక వేసవిలో వెంకాయమ్మ ఆ బాడవను మట్టితో పూడ్పించి, పశువులకు ఇటుకల సావిడి కట్టించడం మొదలుపెట్టింది. పక్క చేను రైతు చిట్టబ్బాయి పరుగున వచ్చాడు.

"పిన్నిగారండీ, ఇక్కడ కడితే నా చేలో నీళ్ళు..."

"నీ చేలో నీళ్ళు లేకపోతే నా బోరు వేసుకో. దానికింత పరుగెందుకు?"

"లేకపోవడం కాదండీ, కట్టుబాటు..."

"పట్టా నాది, ఇటుకలు నావి. మధ్యలో నీ కట్టుబాటేంటి?" అంది ఆమె. చిట్టబ్బాయి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తొలకరి నాటికి సావిడి పూర్తయింది. ముసురు తెరిపిచ్చిన ఒక ఉదయం వెంకాయమ్మ అందులో పాలు పొంగించి, ఊరందరికీ పరమాన్నం వడ్డించింది. చిట్టబ్బాయి ఒక్కడే రాలేదు.

"నేను పిలిస్తే రాడా? అంత పొగరా!" అనుకుంటూ ఆమె అతని చేను గట్టెక్కింది. "ఏం చిట్టబ్బాయ్! పిలుపు సరిపోలేదా? పల్లకీ పంపాలా?"

"పరమాన్నం ఎక్కడికీ పోదండీ పిన్నిగారూ, నారు పోతోందండీ!" అన్నాడతను.

అతనూ భార్యా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చెరోపక్కా తాళ్ళు పట్టుకుని గూడబుట్టతో నీళ్ళు తోడుతున్నారు. నారుమడి జాడే లేదు. ఉన్న విత్తనమంతా అందులోనే చల్లారు. ఆ నారు కుళ్ళితే ఆ ఏడు వాళ్ళకు పంట లేనట్టే.

వెంకాయమ్మ బురద గట్టు మీద అలాగే కూర్చుంది. "ఆవేళ నువ్వు చెప్పబోయిందేంటి? ఇప్పుడు పూర్తిగా చెప్పు" అంది.

అతను చెప్పాడు. ఆమె ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

"అరెకరంలో నడుం లోతు నిలిచే నీళ్ళు! చోటు పోతే నీ ఎకరంలో మోకాలి లోతు నిలవవూ? ఈపాటి లెక్క నాకు తట్టలేదు" అంటూ లేచింది.

నేరుగా సావిడికి వెళ్ళి, "కట్టుబాటు తప్పింది నేనే. పరమాన్నం తిన్నవాళ్ళంతా పారలు తెండి. చిట్టబ్బాయి గట్టు దగ్గర్నుంచి ఈ సావిడి మధ్యగా కాలువ దాకా తవ్వాలి!" అంది.

సావిడి కట్టిన తాపీమేస్త్రి లబలబలాడాడు. "గోడలు ఆరనైనా లేదండీ!"

"మంచిదేగా. పచ్చిగోడలోకి గునపం తేలిగ్గా దిగుతుంది" అని మొదటి దెబ్బ తానే వేసింది.

మధ్యాహ్నానికి గోడలు పడ్డాయి. మట్టి తెగింది. నీళ్ళు బిరబిరా కాలువలోకి దూకాయి. పొద్దు వాలేసరికి నారు కొసలు పచ్చగా పైకి తేలాయి. చిట్టబ్బాయి భార్య వాటిని చేత్తో నిమిరి ఏడ్చేసింది.

తర్వాత వెంకాయమ్మ మిగతా మట్టి కూడా ఎత్తించి, మెరక మీద చిన్న తాటాకు పాకతో సరిపెట్టుకుంది. ఆమెకున్న పొలమంతా తేలేని గౌరవం ఆ గునపం దెబ్బ తెచ్చింది.

నీతి: మన నేలలోనైనా గోడ కట్టే ముందు పక్కవాళ్ళ మాట పూర్తిగా వినాలి, కట్టాక అది తప్పని తెలిస్తే, పడగొట్టే మొదటి చెయ్యి మనదే కావాలి.