జరిగిన తెల్లరాయి

సింగారమ్మ అనే ఉడుత అడవికి రాకముందు కొన్నాళ్ళు పట్నంలో, కంప్యూటర్లు బాగుచేసే కొట్టు చూరులో కాపురముంది. ఒకసారి మెకానిక్ హార్డ్ డిస్క్ మూత విప్పితే తొంగిచూసింది. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం. దాని మీద కంటికి కనపడని చుట్లు ఉంటాయనీ, చుట్టు చుట్టుకీ గడులుంటాయనీ ఆయన కుర్రాళ్ళకి చెబుతుంటే విన్నది. ఏది కావాలన్నా పళ్ళెమంతా వెతకనక్కర్లేదట. ఎన్నో చుట్టు, ఎన్నో గడి అని తెలిస్తే చాలు, సన్నటి చెయ్యి ఒకటి తిన్నగా అక్కడికే పోతుందట. దాచిన గింజ ఎక్కడ దాచిందో మరిచిపోయే జాతి కదా, సింగారమ్మకి ఆ పద్ధతి తెగ నచ్చేసింది.

అడవికి రాగానే పాడుబడ్డ కళ్ళం ఒకటి చూసుకుంది. నడుమనున్న రాట చుట్టూ చుట్లు గీసి, చుట్టు చుట్టుకీ ఒకే కొలత గుంటలు తవ్వించింది. అంచున ఒక తెల్లరాయి పెట్టించింది.

"లెక్క ఈ రాయి దగ్గర మొదలు. మీ చుట్టు ఏదో, మీ గుంట ఎన్నోదో గుర్తుపెట్టుకోండి. మిగతాది నాకొదిలెయ్యండి" అంది.

జంతువులన్నీ వానాకాలం తిండిని టేకాకుల్లో మూటలు కట్టి తెచ్చాయి. సింగారమ్మ వాటిని గుంటల్లో పెట్టించి, పైన మన్ను కప్పి చదును చేయించింది. ముళ్ళపంది దుంపలు ఒక గుంటలో పట్టకపోతే, సగం వేరే చుట్టులో ఖాళీగా ఉన్న గుంటలో పెట్టి రెండు చోట్లూ దానికి చెప్పింది. నక్క జంబన్న కూడా ఒక మూట ఇచ్చాడు. అతనిది రెండో చుట్టు, నాలుగో గుంట. పక్కనే ఐదో గుంటలో ఎలుగు బొచ్చయ్య తన పిల్లల కోసం తేనెపట్టు దాచడం జంబన్న ఓరకంట చూశాడు. చూసి లొట్టలు వేశాడు.

వాన మబ్బులు కమ్మిన సాయంత్రం, ఎవరూ లేకుండా చూసి, తెల్లరాయిని ఒక్క గుంట ముందుకి దొర్లించాడు.

మర్నాడు సన్నగా జల్లు మొదలైంది. అందరికంటే ముందు జంబన్నే వచ్చాడు. "రెండో చుట్టు, నాలుగో గుంట తల్లీ" అన్నాడు వినయంగా. సింగారమ్మ లెక్కపెట్టి తవ్వి మూట చేతిలో పెట్టింది. ఒకరి మూట విప్పి చూసే అలవాటు ఆమెకు లేదు. అతను జల్లు తగ్గేదాకా ఆగుదామని చెట్టుకింద చేరాడు.

ఆ తర్వాత మొదలైంది గోల. కుందేలు మూటలో నెమలి గింజలు వచ్చాయి. నెమలి మూటలో తాబేలు ఎండు పుట్టగొడుగులు. బొచ్చయ్య మూటలో ముళ్ళపంది దుంపలు.

"నా పిల్లలకి దుంపలు పెట్టమంటావా? ఇంక నీ లెక్కలొద్దు. కళ్ళమంతా తవ్వేస్తా, నా పట్టు అదే బయటపడుతుంది" అని పంజా ఎత్తాడు బొచ్చయ్య.

సింగారమ్మ అడ్డం వచ్చింది. ఈ వానలో కళ్ళం తవ్వితే అడవి తిండంతా బురదపాలు. ఇక ఆమె మాట నమ్మేదెవరు?

"ఒక్క క్షణం ఆగు మామా" అంటూ ఆ మూటల వంక మళ్ళీ చూసింది. ఎవరికి చూసినా తమ పక్క గుంటలోదే వచ్చింది. పరుగున తెల్లరాయి దగ్గరికి వెళ్ళింది. ఒక గుంట వెనక, గడ్డి మొలవని చోటు రాయంత మేర పాలిపోయి కనిపించింది.

"సరుకు ఎక్కడికీ పోలేదు. లెక్క మొదలే జరిగింది" అంటూ చెట్టు వైపు తిరిగింది. "జంబన్నా, నీ మూట సరిగ్గానే వచ్చిందా?"

"భేషుగ్గా వచ్చింది తల్లీ. నీ లెక్క ఏనాడు తప్పింది గనక?"

"అందరిదీ ఒక గుంట తప్పితే, నీ ఒక్కడిదే ఎలా సరిపోయిందయ్యా?"

జంబన్న మూటని వెనక్కి దాచుకున్నాడు. రాయి జరిపితే తన గుంట ఒక్కటే మారుతుందనుకున్నాడు గానీ, కళ్ళం మొత్తం కదులుతుందని తోచలేదు. బొచ్చయ్య మూట లాక్కుని విప్పితే తేనె గుమ్మంది.

"నేనూ తేనే దాచుకున్నాను" అని గొణిగాడు జంబన్న.

"దాందేముంది, చూద్దాం" అని సింగారమ్మ రాయిని పాత చోట పెట్టించి, రెండో చుట్టు నాలుగో గుంట తవ్వింది. మూట విప్పితే గులకరాళ్ళు.

వాటిని మళ్ళీ శుభ్రంగా కట్టి అతని చేతిలో పెట్టింది. "నీ సరుకు భద్రంగానే ఉంది జంబన్నా. వానాకాలమంతా తృప్తిగా తిను."

ఒక్కరి మూట కోసం అందరి లెక్కా జరిపినవాడు అందరి చేతికీ చిక్కుతాడు.