డోలీ మోసిన అసిరమ్మ

కొండలకు ఇంకా పేర్లు కూడా పెట్టని కాలం మాట ఇది. మరిచిపోకముందే చెబుతాను, మరిచిపోకుండా వినండి.

ఒక కొండ మీద దేవుడుండేవాడు. ఎండాకాలం వస్తే ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. ఎక్కలేనివాళ్ళను డోలీలో కూర్చోబెట్టి కొండ కిందివాళ్ళు మోసేవారు. ఆ ఎండాకాలం కూలితోనే ఏడాదంతా గంజి. వాళ్ళలో అసిరమ్మ ఒకతె. మొగుడు పోయాక అతని డోలీకర్ర భుజాన వేసుకుంది, మళ్ళీ దించలేదు.

ఒక ఏడు మాయదారి జబ్బు వచ్చింది. రాజు కొండదారి మూయించాడు. "పని పోయినవాళ్ళకు గింజలు పంచండి" అని చాటించాడు. గింజల బండితో అధికారి వచ్చాడు.

"ఏం చేస్తున్నారర్రా?"

"ఖాళీ బాబూ, ఖాళీ!" అన్నారందరూ.

డోలీవాళ్ళ నోట ఖాళీ అంటే డోలీలో మనిషి లేడు, రండి, మోస్తాం అని. అధికారికి ఆ సంగతి తెలియదు.

"ఖాళీగా తిరిగేవాళ్ళకు పనెక్కడిది, పోవడమెక్కడిది?" అని బండి తిప్పుకుపోయాడు.

పిల్లలు ఆకలికి ఏడ్చారు. మగవాళ్ళు మూటలు కట్టారు.

"మీరు పోతే రేపు మోసేదెవర్రా? ఆగండి, నేను అడిగి వస్తాను" అంది అసిరమ్మ.

"నీ మాట ఎవరు వింటారే ముసలీ?" అంది తోడికోడలు నూకాలు.

"వినేదాకా అడుగుతాను."

నడిచింది, నడిచింది, అధికారి ఇంటికి చేరింది. "ఒకసారి చెప్పాను కదా, పో!" అన్నాడు.

నడిచింది, నడిచింది, పుట్టినూరి పెద్ద దగ్గరికి చేరింది. "నీ పని అక్కడ. గింజలూ అక్కడే అడుక్కో!" అన్నాడు.

నడిచింది, నడిచింది, కోటకు చేరింది. జబ్బు భయంతో కాపలావాళ్ళు దూరంగా ఆపేశారు. ఆపినచోటే కూర్చుంది. ఎండలో కూర్చుంది, వానలో కూర్చుంది. చివరికి రాజు మేడ మీది నుంచి చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా అక్కడ?"

పాత మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"కాచుకుని ఉన్నాను ప్రభూ."

"దేనికోసం?"

"కొండదారి తెరవడం కోసం. మీరెప్పుడు తెరిచినా దేవుడుంటాడు, మెట్లుంటాయి. మోసే భుజాలు మాత్రం తింటేనే ఉంటాయి."

రాజు తన మనుషుల వైపు తిరిగి, "దారి తెరిచేదాకా డోలీవాళ్ళ ఇంట పొయ్యి ఆరకూడదు" అన్నాడు.

గింజల బళ్ళు కదిలాయి. వాటి వెనకే అసిరమ్మ వచ్చింది. దారిలో జబ్బు తగులుకుంది. ఊళ్ళోకి రాకుండా బయట పాకలోనే పడుకుంది.

"అందరికీ అందాయా?" అని అరిచింది.

"అందాయి అక్కా, పొయ్యిలన్నీ రాజుకున్నాయి! నువ్వు గంజి తాగవే!" అని ఊరివైపు నుంచే ఏడ్చింది నూకాలు.

ఆమె తాగలేదు. తెల్లారేసరికి లేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, దారి తెరిచారు. మోయడానికి అందరూ ఉన్నారు.

ఇప్పటికీ అక్కడ దారి తెరిచిన రోజు మొదటి డోలీ ఎవరికీ ఇవ్వరు. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా ఇవ్వరు. పూలు కట్టి, ఉత్త డోలీనే మెల్లగా, కుదుపు లేకుండా పైదాకా మోస్తారు. ఎవరికని అడిగితే చెబుతారు:

"మా అసిరమ్మకండీ. బతికినన్నాళ్ళూ మోసిందే గానీ, ఒక్కసారీ ఎక్కలేదు."